215 చాలదా, 245 కావాలా: టైరు వెడల్పుపై మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి: ఎంత వెడల్పు టైరు వేయాలి? విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా టైర్లు బిగించాను. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకులో చాలా సీజన్లు పోటీ కార్లకు టైర్లు మార్చాను. ఈ ప్రశ్న విన్న ప్రతిసారీ చెప్పవలసింది చాలా ఉందనిపిస్తుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చాను. డాలస్ ఉత్తరానికి జవాబు పొడవుగా వచ్చింది. మిగతా వాళ్లు కూడా ముందు దాన్ని చదివితే తమ జవాబు సగం అందులోనే దొరుకుతుంది.

ప్రశ్న: మాస్టారూ, మాది నెల్లూరు. ఉద్యోగం డాలస్‌లో. ఈమధ్యే 2017 నాటి టొయోటా 86 కొన్నాను. కారుతో వచ్చిన చక్రాలకు 215/45 ఆర్17 టైర్లు ఉన్నాయి. రెండు వందల హార్స్‌పవర్ ఉన్న స్పోర్ట్స్ కారుకు ఇంత సన్నటి టైర్లేమిటని స్నేహితులు అంటున్నారు. అవే చక్రాలకు 245/40 ఆర్17 వేద్దామని ఉంది. నెలకోసారి ఆటోక్రాస్‌కు వెళ్తుంటాను. ఖాళీ పార్కింగ్ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి వాటి మధ్య నడిపే పోటీ అది. ఆ సైజు వేయవచ్చా?

జవాబు: ఆ చక్రాల మీద వేయవద్దు. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరంలో టైరు వెడల్పు ఉంది కానీ రిమ్ము వెడల్పు లేదు. వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిలో ఇదే లోటు. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 45 అంటే టైరు పక్క గోడ, అదే సైడ్‌వాల్, ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో. 17 అంగుళాలంటే చక్రం వ్యాసం. దాని వెడల్పు వేరే. చక్రం విప్పి లోపలి వైపు చూడండి, లోహం మీద అంకెలు పోతపోసి ఉంటాయి. మీ కారుకు అది 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ (చక్రం కారుకు ఆనే ముఖం రిమ్ము మధ్యగీతకు ఎంత దూరమో చెప్పే కొలత) 48 మి.మీ. టైరు ఎంపిక మొదలయ్యేది అక్కడి నుంచే.

ప్రతి టైరు సైజుకూ ఇంత నుంచి ఇంత వరకు అని రిమ్ము వెడల్పుల హద్దు ఉంటుంది. 215/45 ఆర్17కు 7 నుంచి 8 అంగుళాలు. 225/45 ఆర్17కు 7 నుంచి 8.5. మీరు అడిగిన 245/40 ఆర్17కు 8 నుంచి 9.5. మీ రిమ్ము ఆ హద్దుకు ఒక అంగుళం బయటే ఉంది.

ఇంకో సంగతి. టైరు మీద 245 అని రాసి ఉంటే అది ఏ రిమ్ము మీదనైనా 245 మి.మీ. ఉంటుందని అర్థం కాదు. ఆ అంకె ఒక నిర్ణీత రిమ్ముకు చెందిన కొలత. ఈ సైజుకు అది 8.5 అంగుళాల రిమ్ము. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు సుమారు 5 మి.మీ. ముడుచుకుంటుంది. మీ 7 అంగుళాల రిమ్ము మీద 245 టైరు దాదాపు 230 అవుతుంది. 245కు డబ్బు కట్టి 230 వాడుకుంటారన్నమాట. ఆ 230 కూడా నిటారుగా నిలబడదు. కింద రిమ్ము ఇరుకై, సైడ్‌వాల్ పొట్టలా బయటికి వస్తుంది. స్టీరింగ్ తిప్పగానే ముందు ఆ పొట్ట ఊగుతుంది, ఆ తరువాత ట్రెడ్, అంటే నేలను తాకే రబ్బరు పట్టీ, కదులుతుంది. చేతికీ రోడ్డుకూ మధ్య ఆలస్యం వస్తుంది. మీ కారు గొప్పతనమంతా స్టీరింగ్ చురుకుదనంలోనే ఉంది. దాన్నే పోగొట్టుకుంటారు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. ట్రాకు మీద ఒక చిన్న సెడాన్‌కు, యజమాని కోరాడని, 5 అంగుళాల రిమ్ముల మీద 195/60 ఆర్14 టైర్లు బిగించాను. ఆ సైజుకు కనీసం 5.5 అంగుళాలు ఉండాలి. అర అంగుళమే కదా అనుకున్నాం ఇద్దరమూ. మధ్యాహ్నానికి కారు తిరిగి వచ్చాక ట్రెడ్ మీద చేయి పెట్టి చూశాను. మధ్య భాగం కాలిపోతోంది, భుజాల దగ్గర గోరువెచ్చగా ఉంది. మధ్యలో రబ్బరు అరిగి చారలు పడింది, అంచుల్లో కొత్త టైరు నూగు ఇంకా అలాగే ఉంది. అంటే వెడల్పు పెంచాం కానీ ఆ పెరిగిన వెడల్పు నేలకు ఆననే లేదు. మరుసటి రోజు పాత సన్న టైర్లు తిరిగి వేస్తే కారు అంతకంటే వేగంగా తిరిగింది. ఆ రోజు నుంచి రిమ్ము కొలత చూడకుండా నేను ఎవరికీ టైరు చెప్పలేదు.

ఇక మీ స్నేహితుల మాట. 215 అన్నది టొయోటా పొదుపు కోసం పెట్టిన సైజు కాదు. ఆ కారు ప్రధాన ఇంజనీరు తాదా తెత్సుయా కావాలనే అధిక పట్టున్న వెడల్పు టైర్లు వద్దనుకున్నారు. టర్బో వద్దు, నాలుగు చక్రాలకూ శక్తి పంపడం వద్దు అన్నదీ అదే ఆలోచన నుంచి వచ్చింది. మామూలు వేగాల్లోనే కారు వెనుక భాగం ఎటు కదులుతోందో నడిపేవారికి తెలియాలని ఆయన కోరిక. మొదట వచ్చిన 86లకు వేసిన మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ అదే కొలతలో ప్రియస్ కారుకు కూడా వచ్చింది. 2022లో వచ్చిన జీఆర్ 86 చూడండి. ఇంజన్ 2.4 లీటర్లకు పెరిగింది, ఖరీదైన రకానికి చక్రం 18 అంగుళాలైంది, టైరు మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 అయింది. వెడల్పు మాత్రం 215 దగ్గరే ఉంది. మార్చింది రబ్బరును.

నా నమ్మకం కూడా అదే. డబ్బు వెడల్పు మీద కాదు, ముందు రబ్బరు మీద పెట్టండి. లెక్క చూపిస్తాను. మీ కారు సుమారు 1,250 కిలోలు, మీరు 75 అనుకుందాం. చక్రానికి దాదాపు 331 కిలోలు పడుతుంది. గాలి 35 పీఎస్‌ఐ ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు 2.46 కిలోలు, నేలను తాకే భాగం సుమారు 135 చదరపు సెంటీమీటర్లు. మన పోస్టుకార్డు 14 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు, అంటే 126 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చక్రం దగ్గర మీ కారును పట్టుకుని ఉన్నది పోస్టుకార్డు కంటే కాస్త పెద్ద ముక్క. బరువూ గాలీ మారకుండా టైరును వెడల్పు చేస్తే ఆ ముక్క పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది. అడ్డంగా సాగి, నిలువుగా కురుచ అవుతుంది. మలుపులో ఆ ఆకారం మేలే చేస్తుంది, కాదనను. టైరు తక్కువ మెలికతో పట్టు అందుకుంటుంది, వేడిని ఎక్కువ రబ్బరు పంచుకుంటుంది. కానీ ఆ మేలు దక్కాలంటే రిమ్ము తగినంత వెడల్పు ఉండాలి, మలుపులో కారు పక్కకు వాలినప్పుడు ట్రెడ్ నేలకు సమంగా ఆనేలా క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణం) సరిచేసి ఉండాలి. టైరు వెడల్పు పెరిగేకొద్దీ క్యాంబర్ తప్పును క్షమించదు.

ఆటోక్రాస్‌లో 245 వేసి గెలిచేవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్ల రిమ్ములు 9 అంగుళాలు, సస్పెన్షన్ వేరు, వాళ్లు ఆడే వర్గం వేరు. మీరు ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ల స్ట్రీట్ వర్గంలో నడుపుతున్నట్లయితే రిమ్ము వెడల్పు కారుతో వచ్చినదే ఉండాలి. టైరు మీద ట్రెడ్‌వేర్ అంకె, అంటే రబ్బరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే అంకె, 200కు తగ్గకూడదు. ఈ రెండు నియమాలూ మీ ప్రశ్నను చాలా వరకు తేల్చేస్తాయి. పాత రిమ్ముల మీదే ట్రెడ్‌వేర్ 200 ఉన్న మంచి టైర్లు 215/45లో గానీ 225/45లో గానీ వేయండి. ఆ ట్రెడ్‌వేర్ అంకెను తయారీదార్లే పరీక్షించి వేసుకుంటారు. అందుకని ఒక కంపెనీ 200ను ఇంకో కంపెనీ 200తో సరిసమానమని అనుకోవద్దు.

225కు వెళ్తే వ్యాసం 625 మి.మీ. నుంచి 634కు పెరుగుతుంది, అంటే 1.4 శాతం. గేర్లు ఆ మేరకు బరువెక్కుతాయి. స్పీడోమీటరు ఇదివరకు చూపిన అంకె దగ్గర కారు ఇప్పుడు 1.4 శాతం ఎక్కువ వేగంతో పోతుంటుంది. కోన్ల మధ్య రెండో గేరులో తిరిగే ఆటకు నేనైతే 215లోనే ఉంటాను.

పోటీ నియమాలు అడ్డు రాకపోతే, కొత్త చక్రాలు కొనే ఉద్దేశం ఉంటే, 17 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 45 చూడండి. పాత చక్రంతో పోలిస్తే అది లోపలికి సుమారు 10 మి.మీ., బయటికి సుమారు 16 మి.మీ. ఎక్కువ వస్తుంది. దాని మీద 225/45 హద్దుల మధ్యలో హాయిగా కూర్చుంటుంది. 9 అంగుళాల చక్రం అదే ఆఫ్‌సెట్‌తో తీసుకుంటే లోపలికి 22, బయటికి 28 మి.మీ. పెరుగుతుంది. అప్పుడు లోపల సస్పెన్షన్ స్ట్రట్టుకు, బయట ఫెండర్ (చక్రం మీది రేకు) అంచుకు ఎంత ఖాళీ ఉందో ముందే కొలవాలి. కాగితం మీది లెక్క సరిపోదు. ఒక చక్రం తెచ్చి బిగించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, జాకీతో సస్పెన్షన్‌ను పైకి నొక్కి చూడండి. బోల్టుల వరస 5 రంధ్రాలు, 100 మి.మీ. వృత్తం. మధ్య రంధ్రం 56.1 మి.మీ.

చివరగా, ఒక సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్లండి. టైరు భుజం మీద, ట్రెడ్ ముగిసి సైడ్‌వాల్ మొదలయ్యే చోట, మూడు చోట్ల గీతలు గీయండి. ఒక రౌండు తిరిగి వచ్చి చూడండి. సుద్ద సైడ్‌వాల్ మీద కూడా చెరిగిపోతే గాలి తక్కువైంది, టైరు పక్కకు దొర్లుతోంది. భుజం మీద కూడా చెరగకపోతే గాలి ఎక్కువైంది. రెండు పీఎస్‌ఐ చొప్పున మార్చుకుంటూ వెళ్లండి. వెడల్పు పెంచితే దొరుకుతుందనుకున్న పట్టు కొంత ఆ సుద్దముక్కతోనే దొరుకుతుంది.

ప్రశ్న: గచ్చిబౌలి నుంచి రాస్తున్నాను. నా ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 195/55 ఆర్16 టైర్లు ఉన్నాయి. స్పోర్ట్స్ కారులా కనిపించాలని 17 అంగుళాల అల్లాయ్‌లు చూశాను. దుకాణంలో 205/40 ఆర్17 టైర్లు సిద్ధంగా ఉన్నాయి, సరిపోతాయి అన్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. మీ టైరు వ్యాసం 621 మి.మీ. వాళ్లు చెప్పినది 596. నాలుగు శాతం చిన్నదైపోతుంది. కారు 12 మి.మీ. పైగా కిందికి దిగుతుంది, స్పీడోమీటరు ఉన్న వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది సైడ్‌వాల్. ఇప్పుడు 107 మి.మీ. ఉంది, అది 82కు పడిపోతుంది. వానాకాలంలో నీళ్లు నిండిన గుంతలో 82 మి.మీ. సైడ్‌వాల్ దిగితే రిమ్ము అంచుకూ గుంత అంచుకూ మధ్య రబ్బరు నలిగి లోపలి దారాలు తెగుతాయి. మరునాటికి పక్కన కోడిగుడ్డంత ఉబ్బు వస్తుంది. దానికి అతుకు లేదు, టైరు పారేయవలసిందే. అలాంటి టైర్లు ఎన్ని విప్పానో లెక్కలేదు.

బరువు సంగతి కూడా చూడండి. మీ టైరు మీద 87 అని ఉంటుంది. ఒక్కో టైరు 545 కిలోలు మోయగలదని దాని అర్థం. 84 అని ఉంటే 500 కిలోలే. ఆ అంకె ఎప్పుడూ తగ్గకూడదు. 17 అంగుళాలే కావాలని మనసు పడితే 205/45 ఆర్17, అదీ ఎక్స్‌ఎల్ (అదనపు బరువు మోసే) రకం, 88 అంకె ఉన్నది అడగండి. వ్యాసం 616, పాతదానికి చాలా దగ్గర. ఎక్స్‌ఎల్ టైరు ఆ బరువు మోయాలంటే గాలి కాస్త ఎక్కువ పెట్టాలి.

నన్నడిగితే మాత్రం 16 అంగుళాల చక్రాలే ఉంచి 205/55 ఆర్16లో మంచి రకం వేయండి. ఆ సైజు 5.5 నుంచి 7.5 అంగుళాల రిమ్ముల దాకా కూర్చుంటుంది, 91 అంకెతో 615 కిలోలు మోస్తుంది, సైడ్‌వాల్ 113 మి.మీ. ఉంటుంది. వ్యాసం 11 మి.మీ. పెరుగుతుంది కాబట్టి ఒక చక్రం బిగించి ఫెండర్ లోపలి ఖాళీ చూసుకున్నాకే నాలుగూ కొనండి.

ప్రశ్న: గురువుగారూ, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా సీనియర్ 9 అంగుళాల రిమ్ముల మీద 205/40 ఆర్17 టైర్లు సాగదీసి వేయించాడు. చూడటానికి చాలా బాగుంది. నేనూ వేయించుకోవచ్చా?

జవాబు: వద్దు బాబూ. ఆ టైరుకు హద్దు 7 నుంచి 8 అంగుళాలు. 9 మీద సాగదీస్తే సైడ్‌వాల్ ఏటవాలుగా నిలబడుతుంది. టైరును రిమ్ముకు పట్టి ఉంచేది లోపలి అంచున ఉండే తీగల కట్టు, దాన్నే బీడ్ అంటాం. బీడ్‌ను రిమ్ముకు అదిమి ఉంచేది గాలి. మలుపులో పక్కకు బలం పడినప్పుడు, గాలి కొంచెం తగ్గి ఉన్నా, సాగదీసిన టైరు బీడ్ జారి గాలి ఒక్కసారిగా పోతుంది. సాగదీసిన టైర్లు ఎక్కించేందుకు మంట పెట్టి పేల్చే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. అలా ఎక్కించమని అడిగినవాళ్లను నేను వెనక్కి పంపేశాను. మీ సీనియర్‌కు కూడా ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: విశాఖపట్నం నుంచి. 2023లో హైదరాబాద్ వెళ్లి హుస్సేన్ సాగర్ దగ్గర ఫార్ములా ఈ పోటీ చూశాను. ఎండలో కూడా గాడులున్న టైర్లతోనే నడిపారు. వెడల్పు టైరుకు వానలో పట్టు ఎక్కువా, తక్కువా?

జవాబు: ఫిబ్రవరి 11న జరిగిన ఆ పోటీ గురించి అడిగినందుకు సంతోషం. ఫార్ములా ఈలో ఎండకూ వానకూ ఒకే రకం టైరు. హాంకూక్ తయారుచేసిన 18 అంగుళాల టైర్లు అవి. అందుకే గాడులు.

రోడ్డు కేవలం తడిగా ఉంటే వెడల్పు టైరు నష్టమేమీ చేయదు, రబ్బరు రకమే ముఖ్యం. నీళ్లు నిలిచి ఉంటే కథ మారుతుంది. టైరు తన దారిలోని నీటిని పక్కకు నెట్టాలి, లేదా గాడుల్లోంచి వెనక్కి పంపాలి. వెడల్పు పెరిగితే నెట్టవలసిన నీళ్లు పెరుగుతాయి, నేలను తాకే ముక్క కురుచ కావడంతో అందుకు దొరికే సమయం తగ్గుతుంది. అప్పుడు టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. ఫార్ములా వన్‌లో పిరెల్లీ వారి పూర్తి వాన టైరు ఒక్కొక్కటి గంటకు 300 కి.మీ. వేగంలో సెకనుకు 85 లీటర్ల నీటిని నెడుతుందని వాళ్లే చెప్పారు. నీటిని నెట్టడం ఎంత పెద్ద పనో ఆ అంకెను బట్టి ఊహించండి.

మీ బీచ్ రోడ్డు మీదా జాతీయ రహదారి మీదా తిరిగే కారుకు వెడల్పు కంటే గాడి లోతు ముఖ్యం. కొత్త టైరుకు దాదాపు 8 మి.మీ. ఉంటుంది. గాడిలో కనిపించే చిన్న దిమ్మెలు 1.6 మి.మీ. దగ్గర ట్రెడ్‌తో సమమవుతాయి. అది ఆఖరి గీత. వెడల్పు టైర్లు వేసుకున్నవారు వానాకాలం ముందు 3 మి.మీ. దగ్గరే మార్చేయండి.

ప్రశ్న: బెంగళూరులో ఉంటాం. మావారి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌కు పోర్షే 911లా వెనుక టైర్లు వెడల్పు వేయించాలని మావాడి పట్టుదల. మంచిదేనా అండీ?

జవాబు: పనికిరాదమ్మా. 911కు ఇంజన్ వెనుక ఇరుసుకు వెనుక ఉంటుంది, శక్తి వెనుక చక్రాలకు పోతుంది. అందుకే ఇప్పటి కరెరాకు ముందు 235, వెనుక 295 ఇచ్చారు. మీ ఆక్టేవియాలో ఇంజన్, శక్తి, స్టీరింగ్, బ్రేకుల పని అధిక భాగం ముందు చక్రాలదే. వెనుక పట్టు పెంచితే మలుపులో ముక్కు ఇంకా బయటికి పోతుంది. పైగా ముందు టైర్లు త్వరగా అరిగే ఈ కారులో వెనుకవాటిని ముందుకు మార్చుకునే వీలు పోతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం ఉంచండి.

ప్రశ్న: గుంటూరు నుంచి. కొత్త అల్లాయ్‌లు, కొత్త టైర్లు వేయించాను. సైజు అన్నీ సరిగానే ఉన్నాయి. 90 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు.

జవాబు: చక్రం మధ్య రంధ్రం కొలిపించండి. బయట అమ్మే అల్లాయ్‌లకు అది పెద్దదిగా ఉంటుంది, ఎన్నో కార్లకు సరిపోవాలని 73.1 మి.మీ. వరకు కూడా పెడతారు. మీ హబ్బు (చక్రం మధ్య రంధ్రంలో కూర్చునే కారు భాగం) అంతకంటే చిన్నదైతే చక్రం నట్ల మీదే వేలాడుతూ వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది. బ్యాలెన్సింగ్ యంత్రం మీద అది కనబడదు, ఎందుకంటే యంత్రం దాన్ని సరిగ్గా మధ్యలో పట్టుకుంటుంది. లోపలి వ్యాసం మీ హబ్బుకు, బయటి వ్యాసం మీ చక్రానికి సరిపోయే హబ్ రింగులు నాలుగు తీసుకోండి. నట్లు కూడా చూడండి, కొన్ని చక్రాలకు ఏటవాలు అంచువి, కొన్నిటికి గుండ్రటి అంచువి కావాలి. బండి గాలిలో ఉండగానే నట్లు ఎదురెదురుగా చేతితో బిగించి, చక్రం నేలకు ఆన్చాక టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే రెంచి) పూర్తి చేయించండి. 50 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి అదే రెంచితో సరిచూపించండి. అప్పటికీ వణికితే రిమ్ము వంకర ఉందేమో తిప్పి చూడమని చెప్పి, ఆ కొలత నాకు రాయండి.